పెట్టి చూడనిదే రాయదు

అంకె రాసే ముందు ఆమె కుర్చీని బల్లకు కాస్త దూరంగా జరుపుకుంటుంది. రాశాక దగ్గరకు జరుగుతుంది. ఆఫీసులో అందరికీ ఆమె హద్దులక్క.

ఒకే కంప్యూటర్ లోపల పది కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ అక్కడ తయారవుతుంది. లోపలి యంత్రం ఒక్కోదానికి ఎన్ని ప్రాసెసర్లు ఇవ్వవచ్చో మాన్యువల్‌లో రాయడం ఆమె పని. ఎవరు ఏ అంకె చెప్పినా తాను పెట్టి చూడనిదే రాయదు. ఇంట్లోనూ అంతే. ఉప్పు సరిపోయిందని అత్తగారు చెప్పినా తాను రుచి చూశాకే కూర దించుతుంది.

"మా కోడలికి నా నాలుక మీద నమ్మకం లేదమ్మా," అని ఆవిడ పక్కింట్లో చెప్పి నవ్వుతుంది.

ఒక రోజు సాయంత్రానికి మాన్యువల్‌లోని హద్దుల పేజీ అచ్చుకు వెళ్ళాలి. ఎదుటి బల్ల ప్రోగ్రామర్ ఏడాది పాటు కష్టపడి ప్రాసెసర్ల హద్దును రెండు వందల యాభై అయిదు నుంచి అయిదు వందల పన్నెండుకు పెంచాడు. పాత అంకే పడితే ఆ ఏడాది గాలికి పోయినట్టే.

ఆమె తన లోపలి యంత్రానికి అయిదు వందల పన్నెండు పెట్టి చూసింది. యంత్రం లేవలేదు. తగ్గిస్తూ వచ్చింది. రెండు వందల యాభై అయిదు దగ్గర లేచింది.

"నా దగ్గర లేచిందక్కా! ఒట్టు!" అన్నాడతను.

"ఒట్లు మాన్యువల్‌లో వెయ్యరు తమ్ముడూ."

"మా ఆవిడకి కూడా చెప్పేశాను."

"తొందరెందుకు పడ్డావ్? సరే, నువ్వెలా పెట్టావో నా ముందు చెయ్."

అతను కొత్త యంత్రాన్ని మొదటి నుంచి తయారు చేయసాగాడు.

"అదేంటి, నకలు తియ్యవా?"

"దేన్నుంచి?"

ఆమె తన తెర వైపు తిరిగి చూసింది. తాను నకలు తీసేది ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసుకున్న యంత్రం నుంచి. దాని అమరిక పాత పద్ధతిది. రెండు వందల యాభై అయిదు దాటితే దానికి లెక్క రాదు. ఇన్నేళ్ళూ ప్రతి పరీక్షా దాని నకళ్ళ మీదే.

"అందర్నీ అనుమానించాను. దీన్నొక్కదాన్నే నమ్మాను."

"కాకిపిల్ల కాకికి ముద్దు కదక్కా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

కొత్త యంత్రం లేచింది. అయిదు వందల పన్నెండు ప్రాసెసర్లూ తెర మీద బారులు తీరాయి. అతను కుర్చీలో గిర్రున తిరిగాడు. ఆమె అతని అంకె రాసింది. పాత అమరిక యంత్రాలకు మాత్రం రెండు వందల యాభై అయిదేనని కింద చేర్చింది. పేజీ వెళ్ళింది.

మర్నాడు ఉదయం అందరికన్నా ముందు వచ్చి, తన పాత యంత్రాన్ని తీసేసింది. కొత్తదానికి అయిదు వందల పదమూడు పెట్టి చూసింది.