బాన్సువాడలో ఇంజిన్ మసి తీయించిన రోజు

మంగళవారం వర్ని దాటాక మా డీజిల్ కారు చిన్న ఎత్తు కూడా ఎక్కలేకపోయింది. ఎంత తొక్కినా నల్లపొగ వచ్చిందే తప్ప వేగం రాలేదు. బీర్కూర్ నుంచి నిజామాబాద్‌కు వారానికి మూడుసార్లు మా ఆయనను డయాలసిస్‌కు తీసుకెళ్తాం. దగ్గర్లోని బాన్సువాడ డయాలసిస్ కేంద్రంలో మాకింకా వంతు దొరకలేదు. ఆ రోజు ఆలస్యమైనందుకు నాలుగు గంటలు నడవాల్సిన మిషన్‌ను రెండున్నర గంటలు నడిపి ఆపేశారు. మా వెనక మరొకరి వంతు ఉంది. ఒంట్లో నీరు దిగక రాత్రంతా ఆయన పడుకోలేక, కూర్చునే ఊపిరి తీసుకున్నారు. గురువారం ఉదయం ఏడింటికి మళ్లీ అక్కడ ఉండాలి. అందుకే బుధవారం కారు చూపించడానికి, ఆయనను ఒంటరిగా వదల్లేక వెంటబెట్టుకుని, బాన్సువాడ బయలుదేరాం.

అరగంట దారికి గంట పట్టింది. కోతలు అయినందున సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. తొమ్మిదిన్నరకు మెకానిక్ డేవిడ్ షెడ్డుకు చేరాం. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం విప్పి చూపించాడు. పొగ, నూనె కలిసి లోపల తారులా గట్టిపడ్డాయి. బొటనవేలు దూరాల్సిన చోట పెన్సిల్ పట్టేంత దారే మిగిలింది.

"గీ బండిని నడుపుతుండ్రా, నిలబెడుతుండ్రా?" అని మా డ్రైవర్ యాదగిరిని అడిగాడు.

"నడుపుతున్ననే అన్నా, నిజామాబాద్ దాకా."

"ఆడికి పోయినంక?"

యాదగిరి నా వైపు చూసి తల దించుకున్నాడు. "ఏసీ వేసి పెడ్త. మిషన్ అయినంక ఎండ తగిల్తే తాతకు కండ్లు తిరుగుతయి. ఎప్పుడు బయటికొస్తడో తెల్వదు గదా."

"ఎంతసేపు పెడ్తవ్?"

"మూడు గంటలు."

"ఇగ గదే. నిలబెట్టి నడిపిస్తే ఇంజిన్‌కు సరైన వేడి రాదు. డీజిల్ సగం కాలి మసి అయితది."

రెండు నెలలుగా డీజిల్ ఎందుకు ఎక్కువ పడుతోందని నేను అడుగుతున్నాను. జవాబు ఇప్పుడు దొరికింది. కోప్పడదామనుకున్నాను, కానీ అతను చేసింది ఆయన కోసమే.

వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుని ఆయన నవ్వారు. "దీన్ని ఒక్కసారి కడిగితే సాల్తదా డేవిడ్? నన్నైతే వారానికి మూడుమాట్ల కడుగుతుండ్రు."

"దీనికి ఏదన్న ఖరాబైతే పాతది తీసి కొత్తది ఏస్త తాతా, ఫికర్ లేదు."

"నాకు గూడ ఏస్తవా మరి?"

డేవిడ్ టీ తెప్పించాడు. ఆయనకు అరకప్పే ఇచ్చి, దాన్ని రోజుకు ఇన్నే తాగాలన్న డాక్టరు నీళ్ల లెక్కలో కలిపాను.

గీకి, మసి కరిగించే మందు కొట్టి, కడిగేసరికి మధ్యాహ్నం దాటింది. బిగించబోతే గొట్టం అతుకులో వేసే పాత ప్యాకింగ్ చినిగింది. కొత్తది బోధన్ నుంచి బస్సులో వచ్చేదాకా ఆయన కుర్చీలోనే ఆయాసపడుతూ కూర్చున్నారు. సాయంత్రం ఐదున్నరకు బండి సిద్ధమైంది. కూలి, మందు, ప్యాకింగ్ కలిపి రెండువేల ఏడువందల యాభై. తిరుగుదారిలో మొదట కాస్త పొగ వచ్చి ఆగిపోయింది.

గురువారం సమయానికి చేరాం. నాలుగు గంటలూ పూర్తయ్యాయి. డేవిడ్ చెప్పినదాన్ని బట్టి ఇంజిన్ ఆపి ఉంచాం. నేను ఫోన్ చేశాక యాదగిరి ఏసీ వేశాడు, కానీ తర్వాతి వారి కోసం మంచం వెంటనే ఖాళీ చేయాల్సి వచ్చింది. కారు చల్లబడేలోపే ఆయన మెట్ల మీద కూలబడ్డారు. ఇద్దరం మోసుకొచ్చి పడుకోబెట్టాం.

శనివారం యాదగిరి తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. "అవ్వా, ఏం జేయమంటవ్?"

"ఆఖరి గంట ఏసీ వేసి ఉంచు," అన్నాను.

ఇలా దవాఖానల చుట్టూ తిరిగేవారికి ఒక్క మాట: బండి నిలిపిన చోటే ఇంజిన్ ఎక్కువసేపు నడిస్తే, వచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు చూసి పావుగంట మూడో గేరులోనే గట్టిగా నడిపించండి. మసి నెమ్మదిగా పడుతుంది. పడక మానదని డేవిడ్ ముందే చెప్పాడు. పడితే మళ్లీ తీయిస్తాను. ఆ కారుకు నిజామాబాద్‌లో పని ఉన్నంతకాలం.