మూడు వేళ్ళ స్ప్లీన్

ఎంబీబీఎస్ చివరి పరీక్షలో నేను వెలగబెట్టిన ఘనకార్యం గురించి మా బ్యాచ్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంటారు. వాళ్ళు ఒకటికి నాలుగు కలిపి చెబుతున్నారు కాబట్టి అసలు సంగతి నేనే చెప్పేస్తాను. పోయే పరువు ఎలాగూ పోయింది, కనీసం సరిగ్గా పోనివ్వండి.

ప్రాక్టికల్స్‌లో మనకొక రోగిని అప్పగిస్తారు. వివరాలడిగి, చేత్తో చూసి, జబ్బేమిటో ఎగ్జామినర్‌కి చెప్పాలి. ఫెయిలైతే మళ్ళీ ఆరు నెలలు. మైలవరంలో బట్టల కొట్టు నడిపే మా నాన్న అప్పటికే నా పేరు ముందు 'డాక్టర్' అని బోర్డు రాయించి, దాని ఫోటో చుట్టాలందరికీ పంపేశారు. ఇక నేను ఫెయిలవడానికి వీల్లేదు.

అందుకే పరీక్ష జరిగే వార్డులో డ్యూటీ చేసే సీనియర్ సుజాతక్కని గుణదల హాస్టల్లో పట్టుకున్నాను.

"ఏడో నంబరు మంచం, పామర్రాయన. మలేరియా. స్ప్లీన్ మూడు వేళ్ళు పెరిగింది. ఎవరికీ చెప్పకే!" అంది అక్క.

స్ప్లీన్ అంటే పొట్టలో ఎడమ పక్కన, పక్కటెముకల చాటున ఉంటుంది. మామూలుగా చేతికి తగలదు. జబ్బు చేసి పెరిగితే కిందికి దిగుతుంది, ఎంత దిగిందో వేళ్ళతో కొలుస్తాం.

నా అదృష్టం చూడండి, నాకు పడింది ఏడో నంబరు మంచమే! దాని మీద లుంగీ, బనీనుతో ఒకాయన నడుం వాల్చి ఉన్నాడు. ముందు పేరడగడం మాకు నేర్పే మొదటి పాఠం. జబ్బే తెలిసినదాన్ని, పేరెందుకు?

"పామర్రేనా అండీ?"

"అవునండీ."

"జ్వరం ఎన్నాళ్ళనుంచి?"

"నెల పైనేనండీ. ఒకటే వణుకు. మూడు దుప్పట్లు కప్పినా ఆగేది కాదు."

"ఏదీ, పొట్ట చూడనివ్వండి."

"నా పొట్టెందుకండీ?"

"చూడాలండీ, పడుకోండి."

"సర్లెండి, ఎటూ వచ్చాం కదా" అంటూ బనీను పైకెత్తాడు.

మీ దగ్గర దాపరికమెందుకు, నా చేతికి ఏమీ తగల్లేదు. కానీ అక్క మూడు వేళ్ళంది. అక్కని తలుచుకుని మళ్ళీ నొక్కితే ఏదో తగిలినట్టే అనిపించింది. ఇంకోసారి నొక్కేసరికి మూడు వేళ్ళూ లెక్కకి సరిపోయాయి.

"మీకు స్ప్లీన్ మూడు వేళ్ళు పెరిగిందండీ" అన్నాను ధీమాగా. ఆయన మొహం పాలిపోయింది.

ఎగ్జామినర్ వచ్చారు. నవ్వడం మానేసి ఏళ్ళయినట్టుండే మనిషి. ఆయనా నొక్కారు. నా వంక చూసి, మళ్ళీ నొక్కారు.

"ఎక్కడమ్మా?"

"ఇక్కడ సార్! అంచు కూడా స్పష్టంగా తగులుతోంది."

అప్పుడొచ్చాడు ఇడ్లీ పొట్లంతో ఇంకొకాయన. "లే బావా, నా మంచం. పరీక్ష పిల్లలొచ్చే టైమైంది!"

నా గుండె జారి చెప్పుల్లో పడింది.

"మీరు పేషెంటు కాదా?" అన్నారు ఎగ్జామినర్, మంచం మీదాయనతో.

"తోడొచ్చానండీ. బావ టిఫినుకెళితే కాస్త నడుం వాల్చాను. జ్వరం సంగతడిగితే బావదే చెప్పాను."

ఎగ్జామినర్ నా వైపు తిరిగారు. "ఎవర్ని చూశావమ్మా?"

"ఏడో నంబరు మంచాన్ని సార్."

"అయితే స్ప్లీన్ పెరిగింది మంచానికా?"

అసలు రోగిని పడుకోబెట్టి, "ఇప్పుడు చూడు" అన్నారు. నాన్న రాయించిన బోర్డు కళ్ళముందు తిరుగుతుంటే, పొట్ట మీద చెయ్యి పెట్టాను. నిజంగానే తగిలింది. కానీ ఒక్క వేలే! అక్క మాట వినాలా, చేతి మాట వినాలా? ఏడుపొచ్చింది.

"ఒక్క వేలు సార్."

"ఇందాక మూడన్నావుగా?"

"అది ఎవరో చెప్పింది సార్. నా చేతికి తగిలింది ఒకటే."

"మందులకి తగ్గింది. ఒకటే. పో, బతికిపోయావు."

బతికిపోయానని వెనక్కి తిరిగానో లేదో, లుంగీ ఆయన దారికడ్డమొచ్చాడు.

"ఏమండీ డాక్టరుగారూ, మీరు మూడన్నారు. మా బావకి ఒకటేనంటున్నారు. మరి మిగతా రెండూ నాకేనా అండీ?"

ఎగ్జామినర్ గారు కళ్ళజోడు తీసి, గోడకానుకుని మరీ నవ్వారు.

అందుచేత సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పేరడిగి, ఊరడిగి, పేరు రాసిన ఆసుపత్రి చీటీ చూసుకుంటే తప్ప ఈ జన్మలో ఎవరి పొట్టా ముట్టుకోను. మా ఆయనదైనా సరే!