మ్యాటా, మిర్రరా అని అడుగుతూనే వెళ్ళిపోయిన మస్తానన్న

నిన్న పొద్దున ఫస్ట్ అవర్ క్లాసుకి నడుస్తుంటే ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మస్తానన్న పేరు.

ఎత్తలేదు. మళ్ళీ అదే అడుగుతాడు, నా దగ్గర ఇంకా జవాబు లేదు అనుకున్నాను.

రెండోసారి మోగితే ఎత్తాను. మాట్లాడింది ఆయన కూతురు నసీమా.

"అత్తా, నాయన సచ్చిపోయినాడు. టీ గ్లాసు చేతిలో పట్టుకోనే ఒరిగిపోయినాడు."

క్లాసులోకి వెళ్ళి అటెండెన్స్ కూడా తీసుకున్నాను. ఎలా తీసుకున్నానో తెలీదు. సగంలో బయటికి వచ్చేశాను.

చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో మస్తానన్నది మా పక్కిల్లు. తర్వాత నంద్యాలలో స్టీల్ రెయిలింగుల షాపు, దాని పైనే కాపురం. ఇది చదివే మీలో చాలామంది ఆయన చేసిన రెయిలింగ్ పట్టుకునే ఏదో ఒక మేడ ఎక్కుంటారు.

మా ఇంటి మెట్లకూ ఆయనే చేశాడు. పైపు మీద ప్లాస్టిక్ కవర్ తీయనివ్వలేదు మా అమ్మ. గృహప్రవేశం దాకా ఉండనీ అంది. తర్వాత చుట్టాలొచ్చి చూసేదాకా అంది. ఏడాదయ్యాక తీస్తే లోపలంతా గోధుమ రంగు మరకలు.

అన్న వచ్చి రోజంతా మెట్ల మీద కూర్చుని రుద్దాడు. ఒక్క మాటే అన్నాడు.

"పెద్దమ్మా, స్టీలుకు కూడా గాలాడల్ల గదా. చలికి దుప్పటి కప్పినట్ల కప్పినావే!"

సరే. పడవ సంగతి చెప్పాలి. నిన్నట్నుంచీ అదే తిరుగుతోంది తలలో.

మా తమ్ముడు రవి నందికొట్కూరు అవతల, కృష్ణా బ్యాక్‌వాటర్‌లో గుడికి వెళ్ళేవాళ్ళ కోసం పడవ కట్టిస్తున్నాడు. చుట్టూ స్టీల్ పైపు రెయిలింగ్. అది మస్తానన్న పని.

"గేట్లు, గ్రిల్లులు, మెట్లు. ఇన్నేండ్లు కదలని వాటికే చేసినా. ఇదొక్కటి తిరుగుతాది చూడు," అనేవాడు, చిన్నపిల్లాడిలా.

రవికి మిర్రర్ ఫినిష్ కావాలి, ఫోటోల్లో తళతళలాడాలని. అన్నకు మ్యాట్ కావాలి, మెరుపు లేకుండా సన్న గీతలతో కాస్త గరుకుగా ఉండేది. ఇద్దరూ పట్టు వదల్లేదు. చివరికి "నువ్వే తేల్చక్కా" అని నా మీద పెట్టారు.

అన్న ఒక ఆదివారం రెండు పైపు ముక్కలు తెచ్చాడు. మా వరండాలో కూర్చుని, చెంబుడు నీళ్ళు, కొంచెం నూనె అడిగాడు.

"నూనె ఎందుకన్నా?"

"గుడిలో దీపం పెట్టే వస్తారు గదమ్మా జనం. చేతులు ఊరికే ఉంటాయా? పూసుకో. కండ్లు మూసుకోని పట్టుకో. పడవ ఊగింది అనుకో."

మిర్రర్ ముక్క జారి టంగుమని గచ్చు మీద పడింది. మ్యాట్ ముక్క చేతిలో నిలిచింది.

"చూసినావా? పైగా ఎండ పడితే నడిపేవాని కంట్లో కొడతాది ఆ మెరుపు."

అప్పుడే మ్యాట్ అనేస్తే అయిపోయేది. నేను నెట్ చూశాను. గీతలు ముతకగా పడితే వాటిలో తేమ నిలిచి మరకలొస్తాయని ఎక్కడో రాశారు. ఆ మాటే పట్టుకుని అన్నకు చెప్పాను.

"సన్న గరుకు పట్టీతో పొడుగునా రుద్దుతాలేమ్మా. మరకొస్తే నేనొచ్చి తుడుస్తా."

"రెండు రోజులు టైమ్ ఇవ్వన్నా."

"పీజీ చేసినావు గానీ, పైపు ముక్క తేల్చలేకపోతాండావే!"

ఇద్దరం నవ్వుకున్నాం. రెండు రోజులు మూడు వారాలయ్యాయి.

మొన్న మధ్యాహ్నం కూడా ఫోన్ చేశాడు. "ఏమ్మా, మ్యాటా, మిర్రరా?"

"రేపు చెప్తానన్నా."

నిన్న ఆళ్ళగడ్డలో మట్టి చేశారు. మగవాళ్ళు వెళ్ళారు. మేం ఆడవాళ్ళం ఆయన తమ్ముడింట్లో ఉండిపోయాం. నేను కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే ఒక పెద్దామె, "ఆడ కూచోమ్మా, కాళ్ళు పీకవా?" అంది. నంద్యాల తిరుగు బస్సులో శిరివెళ్ల దాటినా కూర్చున్నట్టే లేదు.

ఈరోజు పొద్దున నంద్యాలలో వాళ్ళింటికి వెళ్ళాను. నసీమా నన్ను కింద షాపులోకి తీసుకెళ్ళింది. నాయన దగ్గరే పని నేర్చిన పిల్ల.

గోడకు ఆనించి పొడుగు పైపు. అద్దంలా ఉంది. అందులో నా ముఖం.

"ఇదేందమ్మా? ఆయన మ్యాట్ అన్నాడు కదా?"

"మొన్న నీతో మాట్లాడినాంక రవి చిన్నాయన ఫోన్ చేసినాడత్తా. పడవ దించే రోజు దగ్గర పడిందంట, మెరిసేదే చేసేయ్ అన్నాడంట. నాయన సరేలే అన్నాడు. పొద్దుగూకేలోపల ఇదొకటి చేసినాడు. మనసు లేకుండానే చేసినాడు."

ఆయన చేతి చివరి పని. ఆయన వద్దన్న పని. నేను ఒక్క మాట చెప్పి ఉంటే చేయాల్సిన అవసరమే రాని పని.

అక్కడినుంచే రవికి ఫోన్ చేశాను. మ్యాట్ అన్నాను. వాడు "కానీక్కా" అన్నాడు.

"దీన్ని కూడా గీకాల్నా?" నసీమా అడిగింది. "నాయన చేసిండేది గదా."

ఉంచుకోవాలని ఆ పిల్లకు ఉంటుంది. నాకూ ఉంది. కానీ ఎవరో ముసలామె నూనె చేత్తో దాన్ని పట్టుకుంటుంది.

"గీకాలమ్మా."

సన్న ఎమెరీ పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "అట్లయితే మొదట నువ్వు రుద్దు. నాకు చేతులు రావు."

పొడుగునా రుద్దాను, ఒక మూర. ఆ మూరలో నా ముఖం పోయింది. పట్టుకుంటే చేతికి నిలిచింది.

చేసింది సరైనదో కాదో ఇప్పటికీ తెలీదు. మిగతాది నలభై రోజుల దినమయ్యాక నసీమా చేస్తుంది, అప్పటిదాకా పడవ ఆగుతుంది.

మ్యాట్, అన్నా. ఆలస్యంగా చెప్పాను, క్షమించు.

ఇక ఎవరి జవాబు కోసమూ ఎదురుచూడక్కర్లేని చోట నీకు నెమ్మది దొరకాలి. వెళ్ళిరా, మస్తానన్నా.