కృపమ్మ విన్న ఈలలు

ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో బడిపంతులు మత్తయి. ఆయన కూతురు కృపమ్మ. ఇరవై మూడేళ్లు వచ్చేదాకా ఆమెకు తెలిసిన పెద్ద నీళ్లంటే కుందూ నదే. అదీ ఎండాకాలంలో మోకాలి లోతు కూడా ఉండదు. అలాంటి పిల్ల 1976లో జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించి, భీమిలిలో పనికి చేరింది. సముద్రంలో తిరిగే డాల్ఫిన్లు నీళ్ల అడుగున ఏం చప్పుళ్లు చేస్తాయో వినడం ఆ పని.

"మీ పాప యాడ పనిచేస్తాంది పంతులూ?" అని ఊళ్లో అడిగితే, "గవర్నమెంటు పనేలేప్పా" అని మత్తయి మాట దాటేసేవాడు.

మొదటి నెలంతా పడవెక్కితే వాంతులే. పరిశోధన నడిపే ఆనందరావు గారు జాలిపడి, "ఒడ్డునే ఉండి టేపులు వినమ్మా" అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పడవ అంచున కూర్చునేది. నీళ్లలోకి దించిన మైకు నుంచి చాలాసేపు హోరు తప్ప ఏమీ వచ్చేది కాదు. ఒకరోజు తలుపు కిర్రుమన్నట్టు చప్పుడైంది. దాని వెనకే సన్నటి ఈల. పైకి లేచి, వంగి, మళ్లీ లేచింది. కృపమ్మ ఆ పూట వాంతుల సంగతే మరిచిపోయింది.

చిన్నప్పటి నుంచి చర్చిలో పాటలు పాడిన చెవి ఆమెది. కొన్నాళ్లకు ఒక సంగతి గమనించింది. వీపు మీది రెక్క చిరిగిన ఆడ డాల్ఫిన్ ఒకటి పిల్లను వెంటేసుకుని తిరిగేది. అది దగ్గరికొస్తే ఎప్పుడూ అదే ఈల వినబడేది. దానికి తన మేనత్త పేరు, రాజమ్మ అని పెట్టుకుంది.

"బాగా పట్టుకున్నావు. కానీ గుంపులో ఉన్నప్పుడు ఆ ఈల దానిదేనని ఎలా చెబుతాం? ఇంకా విందాం" అన్నారు ఆనందరావు గారు. అది న్యాయమైన మాటే అనిపించింది ఆమెకు.

రెండేళ్లు గడిచాక మత్తయి చెప్పకుండా భీమిలికి వచ్చాడు.

"నంద్యాల కాలేజీలో పోస్టు ఖాళీ ఉందంట. సామాను సర్దుకో, పోదాం."

"ఈడ పని సగంలో ఉంది నాయనా."

"ఏందీ పని? చేపలు ఈలేస్తే ఇనేదానికా నిన్ను సదివించింది?"

"చేపలు కావు నాయనా, పాలిచ్చి పిల్లల్ని సాకుతాయి. రేపొక్కసారి పడవెక్కు. ఆపైన నీ ఇష్టం."

మర్నాడు పొద్దున్నే తండ్రీకూతుళ్లూ, ఆనందరావు గారూ పడవలో బయలుదేరారు. ఒడ్డున జాలర్లు పెద్దవల లాగుతున్నారు. డాల్ఫిన్ల గుంపు దూరంగా వెళ్లిపోయింది. రాజమ్మ ఒక్కటే వల బయట అటూ ఇటూ తిరుగుతోంది. పిల్ల వలలోపల చిక్కింది. కృపమ్మ మైకు దించింది. అదే ఈల, ఆగకుండా. లోపల్నించి బదులుగా వణుకుతూ మరో చిన్న ఈల.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి తండ్రి చెవులకు పెట్టింది. మత్తయి ముఖం మారిపోయింది.

"బిడ్డను పిలుస్తాంది కదమ్మా! చెప్పండప్పా వాళ్లకు, బేగ చెప్పండి!" అని పడవలోనే లేచి నిలబడి చేతులూపాడు.

పడవ నడిపే మనిషి కేకేశాడు. జాలర్లు విసుక్కోలేదు. ఇద్దరు ఈదుకుంటూ వచ్చి, వల పైతాడును నీళ్లలోకి అదిమి పట్టారు. కొన్ని చేపలు పోయాయి. వాటితో పాటు పిల్లా బయటపడింది. తల్లీ పిల్లా పక్కపక్కనే లోతుకు వెళ్లిపోయాయి. మిగతా గుంపు దగ్గర్లో లేదు కాబట్టి ఆ ఈల రాజమ్మదేనని ఆనందరావు గారు కూడా ఒప్పుకున్నారు. టేపు తిరుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం మత్తయి ఒక్కడే బస్సెక్కుతూ, "పని అయినాకనే రా తల్లీ" అన్నాడు. ఊళ్లో అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ ఇక ఆ ఈలల కథే చెప్పేవాడట.

1981లో తుఫానుకు పడవ పగిలింది. పరిశోధన ఆగిపోయింది. కృపమ్మ నంద్యాలకు వచ్చి కాలేజీలో చేరింది. భీమిలి మీద దిగులు చాలాకాలం తగ్గలేదు. టేపు నకలు ఒకటి తెచ్చుకుని, ఏటా కొత్త పిల్లలకు వినిపించేది. మొదట నవ్వేవాళ్లు, తర్వాత ఇంకోసారి పెట్టమని అడిగేవాళ్లు. విని విని ఆ టేపు అరిగిపోయింది.

1987లో విద్యార్థులను వెంటబెట్టుకుని మళ్లీ భీమిలికి వెళ్లింది. పడవెక్కించి తిప్పినా డాల్ఫిన్లు కనబడలేదు. మైకు లేదు. తెడ్డును నీళ్లలో నిలిపి, అడుగున చప్పుడు కర్ర వెంట పైకొస్తుందని దాని పిడికి చెవి ఆనించమంది పిల్లల్ని.

"ఏందో చిటపటమంటాంది మేడం!" అంది శిరివెళ్ల నుంచి వచ్చిన గోవిందమ్మ.

"రొయ్యలమ్మా, అడుగున రొయ్యలు గోళ్లు కొట్టుకుంటాండాయి. ఇంకా ఇను" అని కృపమ్మ చెంగు నడుముకు దోపుకుని, తానూ ఇంకో తెడ్డు అందుకుంది.