ముఖ్య అతిథి గారి దండ

మా భీమవరం పద్యనాటక బృందంలో రాజు వేషం ఎప్పుడూ రొయ్యల మేత షాపు సత్తిబాబు గారిదే. పోయినేడు ఆయన్ని మంత్రిని చేసి, రాజు వేషం కాలేజీ లెక్చరర్నైన నాకిచ్చారు. ఆయన మంత్రి వేషం వద్దన్నారు. నాతో మాటలూ వద్దనుకున్నారు.

నాటకం రోజున ముందు వరసలో కూర్చున్నారు. నేను పెద్ద పద్యం ఎత్తుకున్నాను. రెండు పాదాలు వచ్చాయి. మూడోది రాలేదు. ఉన్నచోటే రాగం అందుకుని సాగదీశాను. హార్మోనియం ఆయన కొంతదూరం నా వెంట వచ్చి, అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. మా జనానికి ఆ పద్యాలన్నీ కంఠతా వచ్చు. పైగా నా విద్యార్థులు వీడియో తీస్తున్నారు.

అప్పుడు సత్తిబాబు గారు లేచి, "వన్స్ మోర్" అని కేకేశారు. సగం పద్యానికి వన్స్ మోర్ ఏంటని జనం అనుకునేలోపే, ముఖ్య అతిథి కోసం తెచ్చిన దండతో స్టేజీ ఎక్కేశారు. దాన్ని నా మెడలో వేసి, కౌగిలించుకుని, చెవిలో మూడో పాదం చెప్పారు.

"మొదట్నుంచి ఎత్తుకోండి మాస్టారూ. నాకూ ఏటా అక్కడే పోయేదండి."

చప్పట్ల మధ్య పద్యం పూర్తిచేశాను. సగంలోనే వన్స్ మోర్ కొట్టించుకున్న గాయకుడినని కాలేజీలో పేరొచ్చింది. నేను ఖండించలేదు.

ఈ ఏడు వేషం మీరే వెయ్యండని బతిమాలితే, "నేను ముందు వరసలోనే ఉంటానండి, మీకు ధైర్యంగా ఉంటుంది" అన్నారు. అందుకే దండలు రెండు తెప్పిస్తున్నాం. రెండోది పరదా లేవకముందే ఆయన మెడలో నేనే వేస్తాను. అవసరమైతే ఎలాగూ తిరిగొస్తుంది.