గాలి చప్పుడున్న క్యాసెట్టు

“ఖాళీ క్యాసెట్టే కదయ్యా. గాలి చప్పుడు తప్ప అందులో ఏముంది?” అన్నాడు మా ఆఫీసరు, మొహం కూడా ఎత్తకుండా, ఫైలు మీద సంతకం పెడుతూ. ఆ మాట విని నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. వయసు మీద పడితే కోపాలు చల్లారతాయని అందరూ అంటుంటారు. ఎవరికి చల్లారాయో నాకు తెలీదు, నాకైతే చల్లారలేదు. చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

డెబ్బైల చివర్లో నేను ముంచింగిపుట్టులో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని. కాఫీ మొక్కలు పెంచి కొండ రైతులకి పంచడం మా ఆఫీసు పని. మాది విజయనగరం అవతల పల్లె. ఏజెన్సీకి వేశారంటే ఏదో తప్పు చేసే ఉంటానని మా ఇంట్లో అనుమానం. నాకు మాత్రం ఆ చలీ ఆ మంచూ హాయిగానే ఉండేవి. పెళ్లి కాలేదు, చెయ్యి కాల్చుకుని వండుకు తినేవాణ్ణి. ఆస్తి అంటూ ఒక్క టేప్ రికార్డరు ఉండేది. విశాఖ హార్బరు దగ్గర ఓడల సామాన్లు అమ్మేచోట మా బావ బేరమాడి కొనిపెట్టినది.

దాంట్లో నేను వినే వింత పాటలు నా చేతికి ఎలా వచ్చాయో చెప్పాలి. ముంచింగిపుట్టుకి రాకముందు అరకులో పనిచేశాను. ఒకరోజు రైల్లోంచి భుజాల దాకా జుట్టున్న తెల్లకుర్రాడు ఒకడు దిగాడు. రెండ్రోజులుండి పోదామనుకున్నవాడిని మలేరియా పట్టుకుంది. పదిరోజులు నేనే గంజి కాచిపోసి మాత్రలు మింగించాను. లేచి తిరగ్గలిగాక, వెళ్లేముందు, ఐదు క్యాసెట్లు నా చేతిలో పెట్టాడు. అట్టల మీద చేత్తో రాసిన పేర్లు. ఆ వాయించేవాళ్లని వాళ్ల ఊళ్లోనే ఎవరూ ఎరగరట. సగంమంది వేరే పనులు చేసుకుంటూ, తీరినప్పుడు ఏ షెడ్డులోనో చేరి వాయించుకునేవాళ్లట.

మొదటిసారి పెట్టినప్పుడు సెల్లులు అయిపోయాయనుకున్నాను. ఏదో రొద, దూరంగా లోయలో వాన పడుతున్నట్టు. కొత్త సెల్లులు వేశాను. అదే రొద. మూడు నిమిషాల్లో పల్లవీ చరణాలూ అన్నీ ముగిసిపోయే సినిమా పాటలు విని పెరిగినవాణ్ణి. తిక్క రేగి ఆపేశాను. మర్నాడు పొద్దున్నే, కిటికీలోంచి ఎదురిల్లు కూడా కనపడనంత మంచులో, పొయ్యి మీద ఎసరు పెట్టి మళ్లీ వేశాను. ఈసారి ఆపలేదు. నాలుగు నిమిషాల తర్వాత ఆ రొదలోంచే ఒక స్వరం బయటికొచ్చింది. అది ఎప్పుడు మొదలైందో పట్టుకోలేకపోయాను. ఏడు దెబ్బల డప్పు ఒకటి దాని కిందకి చేరింది. మాటల్లేని ఆడగొంతు ఒకటి వచ్చి వెళ్లిపోయింది. ఇరవై నిమిషాలు గడిచేసరికి ఎసరు ఇగిరిపోయి గిన్నె మాడింది.

ఇక పిచ్చి పట్టింది. హార్బరులో నావికుల్ని అడగమని బావకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. ఆయన తిట్టుకుంటూనే ఇంకో మూడు సంపాదించి పంపాడు. ఒకదాని మీద రాత ఏ భాషో కూడా తెలీదు. అందులో అరగంట సేపు ఒకే వీణలాంటిది, మధ్యలో ఎవరో తలుపు వేసుకున్న చప్పుడు. ఎంత ఇష్టమో చెప్పలేను.

ఆఫీసులో వాళ్లు మాత్రం నన్ను పిచ్చివాడి కింద జమకట్టారు. “ఆ దెయ్యాల పాటలు నీకెవడంటగట్టాడురా నాయనా” అని పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు. రెండు నిమిషాలు నోరుమూసుకుని వినమంటే ఒక్కడికీ ఓపిక లేదు, అదీ నా మంట.

సంత రోజున టీ దుకాణం బల్ల మీద రికార్డరు పెట్టి కూర్చునేవాణ్ణి. సినిమా పాటలనుకుని జనం మూగేవాళ్లు, రొద విని తిట్టుకుంటూ పోయేవాళ్లు. ఒక సంతరోజు అలాగే అందరూ పోయారు. విసుగొచ్చి నేనూ ఆపబోయాను.

“ఆపకు బాబూ. రానీ. వస్తాది” అన్నాడెవరో.

చూస్తే ఒక ముసలాయన. భుజాన గొంగడి, చేతిలో చుట్ట. కొండ మీద ఊరివాడు. భార్య అవతల పసుపు కుప్ప పోసుకుని అమ్ముతోంది, ఈయన బేరం ఆవిడకి వదిలేసి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చివరంటా విన్నాడు.

“ఎవులు బాబూ ఈడు? తొందర లేదు ఈడికి.”

“ఎవులో తెల్దు తాతా. వాళ్లూర్లోనే ఎవులికీ తెల్దట.”

“మంచోడు” అన్నాడు. చుట్ట వెలిగించుకుని, “ఇంకోడున్నాడా?” అన్నాడు.

ఆ తర్వాత ప్రతి సంతకీ వచ్చాడు. ఎనిమిది క్యాసెట్లూ విన్నాడు. వాటిలో ఒకదాన్ని మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. అందులో గిటారు వాయించేవాడు వేళ్ల చురుకు చూపిస్తూ పోతాడు. “ఈడు తన్ని తాను సూపించుకుంతన్నాడు. తీసీ” అన్నాడు. నాకు అది భలే ఇష్టంగా ఉండేది. ఆయనలా అన్నాక మళ్లీ వింటే ఆయన చెప్పిందే నిజమనిపించింది.

ఎందుకు అంత సూటిగా చెప్పగలిగాడో నాకు ఎండాకాలంలో తెలిసింది. ఆయన మోరి ఊదేవాడు. మోరి అంటే వాళ్ల సన్నాయి. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఎవరు పోయినా దినం నాడు ఈయన మోరి మోగాల్సిందే. ఆ మోరి వెంటే చచ్చినవాళ్లు కొండెక్కి పెద్దల్లో కలుస్తారని వాళ్ల నమ్మకం. మూడు గంటలు నడిపించి వాళ్లూరు తీసుకెళ్లి, నాకు ఆ ఊదుడు కొంచెం వినిపించాడు. హార్బరు దాకా ఉత్తరాలు రాసి వెతుక్కుంటున్నది ఇక్కడ మూడు గంటల దూరంలో ఉంది. మా ఆఫీసు వాళ్లు ఈయన్ని ఎప్పుడూ మొక్కల రిజిస్టరులో వేలిముద్రగానే చూశారు.

ఆయనకొక బాధ ఉండేది. అది ఆ ఊరి కట్టు. పక్క ఊళ్లో ఎలాగో నాకు తెలీదు. విత్తనాలు చల్లాక మోరి అటక ఎక్కుతుంది. కొత్త పంట వండి, దేవతకి పెట్టి తినేదాకా ఊదకూడదు. ఊదితే గాలి లేస్తుంది, గాలి లేస్తే చేను పడిపోతుంది. అందుకని వానల్లో పోయినవాళ్లు మోరి లేకుండానే పోవాలి. ఆయన అన్న అలాగే పోయాడు.

“నానూ వానల్లోనే పోతాను బాబూ” అన్నాడొకరోజు. “ఇక్కడ జొరం అప్పుడే గదా. ఇంతమందిని ఎక్కించినాను, నన్నెవులెక్కిస్తారు?” రికార్డరు మీద చెయ్యి వేశాడు. “పెట్టెకి ఊపిరి లేదు. పెట్టె ఊదితే గాలి రాదు గదా.”

ఊరి పెద్దనీ పూజారినీ తనే అడిగాడు. వాళ్లు మూడు రోజులు ఆలోచించి, పెట్టె ఊదొచ్చన్నారు. ఆయన ఊదింది టేపులో ఎక్కించి, ఆయన దినం నాడు మోగిస్తానని నేను మాట ఇచ్చాను. ఆ ముసలాయన జీవితంలో నన్ను అడిగింది అదొక్కటే.

విత్తనాలు చల్లే ముందు ఒక పొద్దున ఆయన ఇంటి అరుగు మీద కొత్త క్యాసెట్టు పెట్టి నొక్కాను. ముందు అయిదు నిమిషాలు స్వరం లేదు. వట్టి ఊపిరి. మోరిలోకి ఊపిరి వదులుతూ, తీస్తూ. “ముందు ఊపిరి తగలాల” అని ముందే చెప్పాడు. ఆ ఊపిరిలోంచి స్వరం వచ్చింది. మెల్లగా ఎక్కింది, ఆగింది, మళ్లీ ఎక్కింది. ఇరవై నిమిషాలకి పైకి చేరేసరికి ఆయనకి దగ్గు తెర వచ్చింది.

“ఎక్కడమే అయినాది. దిగడం రేపు” అన్నాడు. దిగడమంటే సాగనంపినవాళ్లు ఊరికి తిరిగి రావడానికి ఊదేది. ఆ రాత్రే వాన పడింది. తెల్లారి ఊరంతా విత్తనాలు చల్లడానికి పోయింది. మోరి అటకెక్కింది.

“కొత్త తిన్నాక దిగుదాంలే బాబూ. ఈలోగా పోతే ఎక్కడం ఉంది గదా, సాలు” అని నవ్వాడు.

క్యాసెట్టు వెనక అంచుకి రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. అవి విరిచేస్తే దాని మీద ఇంకెవడూ రికార్డు చెయ్యలేడు. తెల్లకుర్రాడి క్యాసెట్లన్నిటికీ విరిచే ఉన్నాయి. దీనికీ విరవాలని గోరు పెట్టాను. దిగడం కూడా టేపులోకి ఎక్కించాలి కదా అని గోరు తీసేశాను. ఆ గోరు తీసిన వేలిని నరుక్కోవాలనిపిస్తుంది.

వానల్లో నా అద్దె గది కప్పు కారేది. రికార్డరునీ ఆ క్యాసెట్టునీ గుడ్డలో చుట్టి ఆఫీసు బీరువాలో పెట్టి, మొక్కలు పంచడానికి వారంరోజులు క్యాంపు వెళ్లాను. సరిగ్గా ఆ వారంలో పైనుంచి పెద్దలెవరో వస్తున్నారని కబురు. మా ఆఫీసరుకి స్వాగతోపన్యాసం అప్పగించారు. ఆయన గుంటూరు వైపు మనిషి, తన గొంతంటే తనకి మహా ముచ్చట. బీరువా తీశాడు. నేను తిరిగొచ్చాక, “నీ మిషను బాగా పనికొచ్చిందయ్యా” అని భుజం తట్టాడు. గుడ్డ చుట్టినట్టే ఉంది, క్యాసెట్టు లోపలే ఉంది. నేను సంతోషించాను కూడా. నా బుద్ధి గడ్డి తింది.

రెండు వారాలకి, వానలో తడుస్తూ, ముసలాయన భార్య సంతకి వచ్చింది. పసుపు తేలేదు. టీ దుకాణం దగ్గర నన్ను చూసి, “మావోడు పోనాడు బాబూ. జొరం. ఎల్లుండి దినం. పెట్టట్టుకుని రా” అంది. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, “ముందుగా మోగించీకు. దినం నాడే మోగాల” అంది. అందుకే నేను విని చూసుకోలేదు. కొత్త సెల్లులు కొన్నాను, మోగించకుండానే టేపు మొదటికి తిప్పాను, రికార్డరుని ప్లాస్టిక్ సంచీలో చుట్టాను, మూడు గంటలు జలగలతో నడిచాను.

ఇంటి ముందు చూరు కింద ఊరంతా కూర్చుని ఉంది. మధ్యలో పీట వేసి, దాని మీద ఆయన గొంగడి పరిచి, రికార్డరు అక్కడ పెట్టమన్నారు. పూజారి నీళ్లు చల్లాడు. నేను నొక్కాను.

గొంతు సవరించుకున్న చప్పుడు. “గౌరవనీయులైన పెద్దలకు, అమాయకులైన మా గిరిజన సోదరులకు...”

సోదరుల కోసం తాను నిద్రాహారాలు మానేశానంటున్నాడు మా ఆఫీసరు. వాళ్ల సంస్కృతిని కంటికి రెప్పలా కాపాడుతున్నానంటున్నాడు. అక్కడ తడబడి, మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు. ఆపడానికి నేను చెయ్యి చాపాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“ఉండు బాబూ. ఆపీసోలు ముందు మాటాడతారు గదా ఎప్పుడూ.”

చుట్టూ చూశాను. అందరూ అలాగే అనుకుంటున్నారు. మొక్కలు పంచినా, అప్పులిచ్చినా, బడి తెరిచినా ముందు ఒకడు నిలబడి మాట్లాడతాడు, అది అయ్యాకే అసలు పని. వాళ్లకి మేం నేర్పిన అలవాటు అది. ఉపన్యాసం అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం. చచ్చినవాడి దినం నాడు కూడా చేతులు కట్టుకునే కూర్చున్నారు. నేను నోరు తెరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. ఉపన్యాసం వెనక ఏ కాస్తయినా మిగిలి ఉంటుందని దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాను.

మూడుసార్లు చదివాక ఉపన్యాసం ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు. ఆ మహానుభావుడు మిషను ఆపకుండానే లేచి టీకి పోయాడు. ఆ తర్వాత ఆఫీసు రేకుల మీద వాన. వట్టి రొద.

చూరు కింద జనం ఒక్కసారిగా సర్దుకుని కూర్చున్నారు. పూజారి కళ్లు మూసుకున్నాడు. ఆవిడ గొంగడి అంచు పట్టుకుంది. ముందు ఊపిరి తగలాలని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. అయిదు నిమిషాలు చూశారు. పది నిమిషాలు చూశారు. నేను మళ్లీ చెయ్యి చాపాను.

“ఆపకు” అంది ఆవిడ. “వస్తాది.”

టేపు చివరికంటా తిరిగి మీట టక్కున లేచింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు చెప్పాను, పైన ఇంకొకరి గొంతు ఎక్కించేశారని, తాత ఊదింది చెరిగిపోయిందని. నా మాట పూర్తికాకముందే ఆవిడ గొంగడి మీంచి రికార్డరుని ఎత్తి పక్కకి, వానలోకి, నేల మీద పెట్టేసింది. గొంగడి మడత పెట్టుకుంది.

“పెట్టెకి ఊపిరి లేదన్నాడు మావోడు” అంది నా వైపు చూడకుండా. “నిజిమే.”