నేను గీయని బాణం

ఆ శుక్రవారం సాయంత్రం సరిగ్గా చేసిన లెక్కకు ఇంటూ కొట్టి, చేసిన అమ్మాయిని బకెట్ మీద కూర్చోబెట్టాను.

బకెట్ సంగతి చెప్పాలి. పద్మారావు నగర్‌లో మా మేడమీది వరండాలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెప్పేవాణ్ని. మెకానిక్స్‌లో నాది ఒకటే పట్టుదల. సూత్రం జోలికి పోకముందు బొమ్మ గీయాలి, వస్తువు మీద పనిచేసే ప్రతి బలానికీ ఒక బాణం గీయాలి. బాణం మర్చిపోయినవాళ్లు మూలన బోర్లించి ఉన్న ఇనపబకెట్ మీద కూర్చోవాలి. పిల్లలు దానికి విరామ స్థితి అని పేరు పెట్టారు. బయటి బలం, అంటే నేను, లేపేదాకా అక్కడివాళ్లు కదలకూడదు. అదంతా సరదా అనుకునేవాణ్ని. కూర్చున్నవాళ్లను మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఆ అమ్మాయి లాలాగూడ నుంచి వచ్చేది. తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఎంపీసీ ఆమె పట్టుబట్టి తీసుకున్నది. నెల రోజులు చూసి, ట్యూషన్ సార్ కష్టమంటే సీఈసీకి మారిపోవాలని ఇంట్లో ఒప్పందం. గ్రూపు మార్చుకోవడానికి కాలేజీ పెట్టిన గడువు ఆ వచ్చే సోమవారం. చేర్చినరోజే తండ్రి ఇదంతా నాకు చెప్పాడు. నేను పెద్దమనిషిలా తలూపాను.

ఆనాటి లెక్క ఇది. అరవై కిలోల మనిషి ఇరవై కిలోల పలక మీద కూర్చున్నాడు. పలకకు కట్టిన తాడు పైన కప్పీ మీదుగా తిరిగి అతని చేతికే వచ్చింది. తనను తాను పైకి లాగుకోవాలంటే ఎంత బలం కావాలి? నేను రాసిన నోట్సులో జవాబు ఎనభై కిలోల బరువంత. ఆమె నలభై అన్నది.

ఎలా అని అడిగితే, ఏటా తమ చర్చి గోడకు సున్నం వేసేటప్పుడు తన తండ్రి అలాగే ఎక్కుతాడని చెప్పింది. "డాడీ ఒక్కడే లాక్కుంటడు సార్. అంత బరువు గుంజాలంటే ఆయన చేత గాదు."

ఆమె బొమ్మ నేను సరిగా చూడనైనా లేదు. మీ నాన్న నలభైతో ఎక్కుతుంటే సర్కస్ వాళ్లకు ఉత్తరం రాద్దాం అన్నాను. వరండా అంతా నవ్వింది. నా మాటలకు పిల్లలు నవ్వితే నాకు ఎక్కడలేని హుషారు వచ్చేది. ఆ హుషారులోనే బకెట్ చూపించాను. ఆమె క్లాసు అయ్యేదాకా కూర్చుని, వెళ్లేముందు నా దగ్గరికి వచ్చింది.

"నేను సోమవారం నుంచి రాను సార్. సీఈసీకి మారిపోతున్న."

అందరూ వెళ్లాక బోర్డు తుడవబోయి, ఎందుకో ఆ లెక్కకు బాణాలు గీశాను. పలకను తాడు పైకి లాగుతోంది, ఒక బాణం. మనిషి రెండో కొసను కిందికి లాగితే ఆ తాడు అతని చేతుల్ని పైకి లాగుతుంది, ఇంకో బాణం. రెండు బాణాలు కలిసి ఎనభైని మోస్తున్నాయి. ఒక్కోదానికి నలభై. పదేళ్లుగా నా నోట్సులో ఆ రెండో బాణమే లేదు. పది బ్యాచుల పిల్లల చేత ఆ తప్పు వల్లె వేయించాను.

అప్పుడు చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. పెన్ను తీసి, నోట్సులో "కింద నేలమీద నిలబడిన వేరే మనిషి లాగితే" అని ఇరికించాను. అలా అయితే ఎనభై సరైన జవాబే. నా పరువు నిలిచింది. నవ్వుకున్నాను కూడా. కానీ నా కలం ఎంత సాగినా సోమవారం గడువు జరగదు.

శనివారం మధ్యాహ్నం లాలాగూడ వెళ్లాను. వానలు ముదిరేలోపు ముగించాలని తండ్రి చర్చి గోడకు సున్నం వేస్తున్నాడు. అమ్మాయి కింద సున్నం కలుపుతోంది. నన్ను చూసి ఆయన కూర్చున్న పలకతో సహా, తాడు కొద్దికొద్దిగా వదులుతూ దిగాడు.

"మీరు లెక్క తప్పన్నరని గ్రూపు మార్చే ఫారం మీద సంతకం పెట్టిచ్చిన సార్," అన్నాడు. మాటలో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

లెక్క తప్పింది మీ అమ్మాయి కాదు, నేను అని చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. నా బరువే ఎనభై దాటి ఉంటుంది.

"నోటితోటి ఎందుకు సార్. కూసోండ్రి."

కూర్చున్నాను. తాడు లాగాను. పలక కదిలింది, చెప్పులు రెండూ నేలమీదే ఉండిపోయాయి. తలుపు ఎత్తు దాకా దర్జాగా వెళ్లాను. దిగడం ఎలాగో అడగలేదని అక్కడ గుర్తొచ్చింది.

"జెర గట్టిగ పట్టుకోండ్రి," అన్నాడు కిందనుంచి. "ఇడిస్తే ఏమైతదో మా బిడ్డకు మీరే నేర్పిన్రు."

అమ్మాయి మొహం తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని అర్థమై కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. చేతులు మండుతుంటే జానెడు జానెడు దిగి వచ్చాను.

ఫారం ఇమ్మని అడిగాను. ఆమె ఇవ్వలేదు.

"క్లాసుల అందరి ముందట చెప్తరా సార్, తప్పు మీదని?"

"చెప్తాను. లెక్క మాత్రం నువ్వే చెప్పాలి. నేను బకెట్ మీద కూర్చుంటా."

సోమవారం పొద్దున ఆమె ఫారం కాలేజీలో ఇచ్చిందో లేదో అప్పటికి నాకు తెలియదు. సాయంత్రం వరండా నిండాక కూడా మెట్లవైపే చూస్తున్నాను. ఆఖరున వచ్చింది. నేను ఇరికించిన వాక్యాన్ని పిల్లలకు చూపించి, ఎందుకు రాశానో కూడా చెప్పి, కొట్టేశాను. సుద్దముక్క ఆమె చేతికిచ్చి మూలకు వెళ్లి కూర్చున్నాను. బకెట్ అంచు ఎంత కోస్తుందో పదేళ్లలో మొదటిసారి తెలిసింది.

ఆమె రెండు బాణాలూ గీసి, లెక్క ముగించి, ఊరుకోకుండా తర్వాతి లెక్క కూడా మొదలుపెట్టింది. మధ్యలో ఎవరో సార్‌ను లేపమన్నారు. ఆమె వెనక్కి తిరగలేదు. నేను ఒళ్లో నోట్సు పెట్టుకుని ఎనభై కొట్టేసి నలభై రాసుకున్నాను.